పలకను తట్టి వినే మనిషి

ఆమె పోయిందన్న మాట నాకు మొదట తెచ్చినవాడు మా ప్రార్థన మందిరంలో గంట కొట్టే దేవదానం మామ. ఆ పొద్దున నేను అరుగు మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తున్నాను. మామ సైకిలుకు స్టాండు వేయకుండా గోడకు ఆనించాడు. స్టాండు వేసి, బండి నిలిచిందో లేదో రెండుసార్లు ఊపి చూసుకునే మనిషి ఆయన. అప్పుడే నాకు తెలిసిపోయింది.

“అమ్మాయ్, మీ చిన్నమ్మ పోయింది. తెల్లారి చూస్తే పోయి ఉండాది. కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఉండాది,” అన్నాడు.

పడుకుంటే ఆమెకు ఊపిరి అందేది కాదు. రెండేళ్ళుగా గోడకు ఆనుకుని, ఒళ్ళో దిండు పెట్టుకుని, కూర్చునే నిద్రపోయేది.

“గంట కొట్టినావా మామా?”

“లేదు. ముందు నీ చెవిన వేసి, పోయి కొడదామని వచ్చినా. గంట విని తెలుసుకుంటే నువ్వు తట్టుకోలేవు.”

ఆ దయకు దేవదానం మామకు వందనాలు. ఆయన వెళ్ళిన కాసేపటికి గంట మోగింది. చింతగింజలు నా గుప్పిట్లోనే ఉండిపోయాయి.

చిన్నమ్మ అంటున్నానే గాని మాకు చుట్టరికం లేదు. మార్కాపురానికి కొంచెం ఎడంగా ఉన్న మా పల్లెలో, మా ఇంటికి మూడిళ్ళ అవతల ఉండేది. పలకల కంపెనీలో కూలికి పోయేది. ఆమె పేరు ఇక్కడ రాయడం లేదు. ఆమె కోడలు ఇంకా అదే కంపెనీకి పోతున్నది. అత్త పేరు అచ్చులో కనబడితే కోడలికి పని ఉంటుందో ఉండదో. పుస్తకాల్లో కూడా ఆమెకు పేరు లేదు. మూడు పుస్తకాల్లో ఆమె ఉంది: ఒకటి అర్థశాస్త్రంలో, ఒకటి విద్యాశాస్త్రంలో, ఒకటి జానపద కళల్లో. ఆ మూడూ డాక్టరేట్ల కోసం రాసినవి. రాసినవాళ్ళు ముగ్గురూ మా ఇంటి అరుగు మీద కూర్చుని వెళ్ళినవాళ్ళే. ఆ ముగ్గురూ రాయనిది ఒకటి ఉంది. అది రాసే పని చివరికి నామీద పడింది.

ఆమెను తలుచుకుంటే ముందు నాకు కనబడేది మడిచిన చూపుడువేలి కణుపు. పలకల పనిలో ఉన్నవాళ్ళు రాతిబిళ్ళను చెవి దగ్గర పెట్టుకుని కణుపుతో తట్టి చూస్తారు. మంచి బిళ్ళ కంచులాగ ఖంగుమంటుంది. లోపల నెర్రె ఉంటే, పైకి ఎంత నున్నగా కనబడినా, డబ్బుమని ఊరుకుంటుంది. ఆ అలవాటును చిన్నమ్మ కంపెనీలో విడిచి వచ్చేది కాదు. కొత్త కుండను తట్టేది. గుమ్మడికాయను తట్టేది. కొత్త అయ్యగారు మా మందిరానికి వచ్చిన మొదటి ఆదివారం, ఆరాధన కాగానే ఆయన నిలబడి ప్రసంగం చేసిన కొయ్యపీటను తట్టి చూసి, “కొయ్య మంచిదే. ఇంక మనిషిని చూడాల,” అంది. అయ్యగారు వెనకే ఉన్నారు. ఆయన నవ్వారు గాని, ఆ ఏడంతా చిన్నమ్మ ముందు గొంతు సవరించుకునే మాట్లాడేవారు.

నాకు ఎడమకాలు పసితనంలోనే పడిపోయింది. బడి వాగు అవతల. అందుకని నాయన నాకు ఇంట్లోనే అక్షరాలు దిద్దించాడు. నాయన అక్షరాలు ఇచ్చాడు, పలకలు చిన్నమ్మ ఇచ్చింది. మూల విరిగినవి, గీతపడినవి కంపెనీ వెనక గుట్టగా పోస్తారు. ఆ గుట్టలోంచి ఏరి, కొంగు కింద పెట్టుకుని తెచ్చేది. చట్రం ఉండదు గనుక నా వేళ్ళు తెగకుండా అంచులు తానే రాయితో నూరి ఇచ్చేది. పొద్దంతా కంపెనీలో చేసిన పనినే మళ్ళీ మా గుమ్మంలో కూర్చుని నాకోసం చేసేది. కొంగు మూలలో ఒక బెల్లంముక్క కూడా ఉండేది. సాయంత్రం పని దిగేటప్పుడు కంపెనీలో తలా ఒక ముక్క ఇస్తారు. గొంతులో దుమ్మును బెల్లం కిందికి తోసేస్తుందని అక్కడివాళ్ళ నమ్మకం. తను తినకుండా నాకు తెచ్చేది.

“నువ్వు తిను చిన్నమ్మా, నీకు గదా దుమ్ము,” అనేదాన్ని.

“నాకు దుమ్మేంది? నేను మోగుతా ఉండాను చూడు,” అని రొమ్ము మీద కణుపుతో కొట్టుకునేది.

ఎన్ని పలకల రుణమో నాది. ఈ వాక్యాలు రాస్తున్న చేయి ఆ విరిగిన పలకల మీద తిరిగిన చేయే.

ఆదివారం మందిరంలో సాక్ష్యం చెప్పమంటే ఆమె లేచి ఎప్పుడూ ఒకటే చెప్పేది. “దేవుని కృపతో ఈ వారమంతా బాగుండాను. ఏ కొరతా లేదు. స్తోత్రం.” గాలివానకు ఇంటికప్పు లేచిపోయిన వారం కూడా అదే చెప్పింది. భర్త పోయిన నెల తిరగకముందు కూడా అదే చెప్పింది. బయటికి వచ్చాక నేను అడిగాను, “కొరత లేదని ఎట్ల చెప్తావు చిన్నమ్మా?” అని.

“ఇంటికొచ్చినోళ్ళకు నీళ్ళియ్యాల, అడిగినోళ్ళకు మంచిమాట చెప్పాల. మన దగ్గర ఇచ్చేదానికి ఇంకేముండాది? మనుషులకే అట్ల చెప్పేటప్పుడు దేవునికి ఏడుపు చెప్తామా?”

ఆ మాట నాకు ఎంతో గొప్పగా తోచింది. నేనూ అట్లాగే పెరిగాను. దేనికైనా ముందు వందనం చెప్పడం ఆమె దగ్గరే నేర్చుకున్నాను.

పరిశోధన చేసేవాళ్ళలో మొదట వచ్చినది అర్థశాస్త్రం అమ్మాయి. కళ్ళద్దాలు, భుజాన నీళ్ళసీసా, చేతిలో అట్టకు బిగించిన కాగితాలు. పలకల కంపెనీల్లో ఆడకూలీల బతుకుతెరువు మీద రాస్తున్నానని చెప్పింది. రాతిగనులున్న ఊళ్ళన్నీ తిరుగుతున్నదట. చదువు వచ్చి, పొద్దంతా ఇంటిపట్టున ఉండేది నేనొక్కదాన్నే గనుక నాయన ఆమెను మా అరుగు మీదికి పిలుచుకొచ్చాడు. ఆమె ప్రశ్నలు అడుగుతుంది. అది పుస్తకాల మాట. దాన్ని నేను మా వాళ్ళ మాటలో చెప్పి, వాళ్ళ జవాబును కాగితం మీద రాయాలి. నాకు అప్పటికి ముప్పై దాటాయి. అంతవరకూ నా రాతతో ఎవరికీ పని పడలేదు. ఆ ఆదివారం ఉతికిన చీర కట్టుకుని, రెండు పెన్నులు పెట్టుకుని కూర్చున్నాను.

ఆరాధన కాగానే కంపెనీకి పోయే ఆడవాళ్ళందరూ వచ్చి వాకిట్లో కూర్చున్నారు. అందరిలో పెద్దది గనుక చిన్నమ్మ ముందు.

“ఖాళీ సమయంలో మీరేం చేస్తారు?” అని అడిగింది ఆ అమ్మాయి.

“ఖాళీ అంటే ఏంది తల్లీ?”

“అంటే, పని లేనప్పుడు.”

“పని లేనప్పుడు, పని యాడుందో ఎతుకుతాం.”

వాకిలంతా నవ్వారు. ఆ అమ్మాయి కూడా నవ్వింది. “సరే. ఇంట్లో నిర్ణయాలు ఎవరు తీసుకుంటారు? ఉదాహరణకు, ఏం వండాలి అని?”

“బియ్యం డబ్బా అడుగు చెప్తది తల్లీ, ఏం వండాల్నో.”

నవ్వుతూ నవ్వుతూ కడపటి పేజీకి వచ్చాం. పని వల్ల వచ్చిన జబ్బులు ఏమైనా ఉన్నాయా అని ప్రశ్న. పక్కన రెండు గళ్ళు: ఉన్నాయి, లేవు.

“దేవుని కృప. ఏమీ లేవు,” అంది చిన్నమ్మ. ఆ మాట పూర్తికాకముందే దగ్గు వచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, పక్కకు తిరిగి దగ్గింది. ఆ దగ్గు నాకు కొత్త కాదు. ఆమె వీధి మలుపు తిరగకముందే అది వచ్చి మా గుమ్మంలో చేరేది. చిన్నప్పుడు ఆ దగ్గు వినబడితే నాకు బెల్లం గుర్తొచ్చేది.

“మరి ఆ దగ్గు?” అని అడిగింది ఆ అమ్మాయి. మంచి పిల్ల. అడగకుండా వదల్లేదు.

“ఇది జబ్బేంది తల్లీ? వానలో నిలబడితే తడుస్తాం. అది జబ్బా? దుమ్ములో ఉండేటోళ్ళకు దగ్గు రాక ఏమొస్తది? జబ్బంటే మంచాన పడేది. నేను ఒక్క పూట నాగా పెట్టినానేమో పోయి అడుగు.”

మా పల్లెలో అందరి లెక్కా అదే. పనికి పోగలిగినంత కాలం మనిషికి జబ్బు లేనట్టే.

ఏం రాద్దాం అన్నట్టు ఆ అమ్మాయి నా వైపు చూసింది. చిన్నమ్మ కూడా నా వైపే చూసింది, సాక్ష్యం చెప్పి కూర్చునేటప్పుడు ఎట్లా చూస్తుందో అట్లా. నేను ‘లేవు’ గడిలో టిక్కు పెట్టాను. అడ్డదిడ్డంగా కాదు, గడి దాటకుండా, అందంగా పెట్టాను.

ఆమె తర్వాత కూర్చున్నవాళ్ళందరూ, “అక్క ఏం చెప్తే మాదీ అదే రాయి,” అన్నారు. అదే రాశాను.

మరుసటి ఏడు ఆ అమ్మాయి నాకు పోస్టులో ఒక కాగితం పంపింది. ఆమె పుస్తకంలో కృతజ్ఞతల పేజీకి జిరాక్సు. ప్రొఫెసరుగారికి, తల్లిదండ్రులకు, లైబ్రరీవాళ్ళకు, అన్నిటికన్నా చివర, ముత్యాల్లాంటి అక్షరాలతో సాయం చేసిన సోదరికి అని నాకు. దాన్ని మడిచి నా ప్రార్థన పుస్తకంలో పెట్టుకున్నాను. చిన్నమ్మకు చదివి వినిపిస్తే కణుపుతో నా నుదుటి మీద మెల్లగా తట్టి, “మోగింది,” అంది.

తర్వాత గిద్దలూరు వైపు నుంచి ఒక మాస్టరుగారు వచ్చారు. మధ్యలో బడి మానేసిన పిల్లల మీద ఆయన డాక్టరేటు. చిన్నమ్మ కొడుకు ఐదులోనే మానేశాడు గనుక ఆమెను పిలిపించారు.

“మీవాడు బడి ఎందుకు మానేశాడమ్మా? పలకా బలపం కొనలేకనా?”

“మా ఇంట్లో పలకలకు కొదవా సారూ? పలకలు మోసేదానికే మానినాడు.”

ఆయన ముఖం వెలిగిపోయింది. మళ్ళీ చెప్పించుకుని రాసుకున్నారు. ఒప్పుకోలు కాగితం మీద ఆమె వేలిముద్ర వేస్తుంటే ఆ చేతికి ఫోటో తీసుకున్నారు. “ఇన్ని పలకలు చేసిన చేతికి ఒక్క అక్షరం రాదు. నా పుస్తకం మొదటి వాక్యం ఇదే,” అని సంబరంగా నాయనతో చెప్పారు. ఆయన వెళ్ళాక చిన్నమ్మ బొటనవేలి సిరా తుడుచుకుంటూ నన్నడిగింది.

“ఆయనకు అంత సంతోషమేంది అమ్మాయ్? నాకు అక్షరం రాకపోతే ఆయనకేదో వచ్చినట్టుందే.”

మూడో ఆయన జానపద పాటల మీద పనిచేస్తున్నాడు. అంచులు నూరేటప్పుడు ఆడవాళ్ళు పాడుకునే పాట ఒకటుండేదని, అది తెలిసినవాళ్ళు తగ్గిపోయారని విని వచ్చాడు. అప్పటికి కంపెనీలో మిషన్లు పెరిగాయి. పిల్లలు రాసుకునే పలకలు తగ్గి, గోడలకు అంటించే రాతిబిళ్ళలు కోస్తున్నారు. ఆ హోరులో పాట ఎవరికి వినబడుతుంది? చిన్నమ్మకు మాత్రం మొత్తం వచ్చు. ఆయన చిన్న రికార్డరును ఆమె ముందు పీట మీద పెట్టాడు. ఆమె రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని ఎత్తుకుంది.

“కొండ కడుపున పొరలు ఎన్నమ్మో,
పొర పొర విప్పితే పొద్దు పోయెనమ్మో...”

రెండో వరస చివర దగ్గు వచ్చింది.

“చాలా బాగుంది పెద్దమ్మా. ఆ దగ్గు లేకుండా ఇంకొక్కసారి,” అన్నాడాయన. మర్యాదగానే అన్నాడు. నేను నీళ్ళిచ్చాను. ఆమె తాగి మళ్ళీ ఎత్తుకుంది. మళ్ళీ అక్కడే ఆగింది. మళ్ళీ నీళ్ళు. నాలుగోసారి కళ్ళవెంట నీళ్ళు కారుతుంటే చెంగుతో తుడుచుకుని, ఆయన వైపు చూసి నవ్వింది.

“నాయనా, రెండూ ఒక గూట్లోనే ఉండాయి. ఒకటి పిలిస్తే రెండోది వస్తాది.”

“పర్వాలేదులే పెద్దమ్మా. కంప్యూటర్లో దగ్గు తీసేస్తాం.”

“తీసేస్తారా?” ఆమె నవ్వు ఆగింది. కొంచెం ముందుకు వంగింది. “అట్ల మనిషిలోంచి తీసేది యాడన్నా ఉందా నాయనా?”

ఆయన రికార్డరును సంచిలో పెట్టుకుంటూ తల వంచుకునే ఉన్నాడు. కొన్నాళ్ళకు ఆ పాటను నా ఫోనుకు పంపాడు. దగ్గు లేదు. నీళ్ళు తాగిన చప్పుడు లేదు. ఎక్కడా తెగకుండా పాట సాగిపోయింది. చిన్నమ్మ ఫోను చెవికి ఆనించుకుని విని, అద్దం మీద కణుపుతో తట్టి నాకు తిరిగిచ్చింది.

“ఇది నేను గాదు. ఇందులో నెర్రె లేదు.”

అప్పటికి ఆమెకు రెండుసార్లు టీబీ మాత్రలు ఇచ్చారు. రెండుసార్లూ నెలలకొద్దీ మింగింది. దగ్గు కదల్లేదు. కంపెనీకి పోవడం మాత్రం మానలేదు.

ఒక ఎండాకాలం, ఎవరో దాతలు నడిపే ఆసుపత్రి బండి ఒకటి చుట్టుపక్కల ఊళ్ళు తిరుగుతున్నదని తెలిసింది. రాతిదుమ్ములో పనిచేసేవాళ్ళకు రొమ్ముకు ఎక్స్‌రే ఫోటోలు తీసి, జబ్బు పేరు రాసిన కాగితం ఇస్తున్నారట. ఆ కాగితం చూపిస్తే పెద్దాసుపత్రిలో సరైన మందు ఇస్తారు, మిషను దగ్గర నుంచి వేరే పనికి మార్చమని గట్టిగా అడగవచ్చు. పక్క ఊరికి వచ్చింది. ఆ పక్క ఊరికీ వచ్చింది. మా పల్లెకు రాలేదు. చిన్నమ్మ రెండు పూటలు పని మానుకుని రోడ్డు మీద నిలబడి చూసింది. మూడోనాడు నేనూ నాయనా ఆటోలో మార్కాపురం వెళ్ళి ఆ బండివాళ్ళను కలిశాం.

అక్కడున్న సారు నెమ్మదైనవాడు. కుర్చీ వేసి, నీళ్ళిచ్చి, మా ఊరి పేరు అడిగి ఒక పుస్తకం తెరిచాడు. నల్ల అట్ట, బంగారు అక్షరాలు. “అన్ని ఊళ్ళూ తిరగడానికి డీజిలు చాలదమ్మా. అందుకని ఈ పరిశోధన పుస్తకం చూసి, జబ్బు ఉన్న ఊళ్ళే ఎంచుకున్నాం. యూనివర్సిటీ అమ్మాయి ఇల్లిల్లూ తిరిగి రాసింది. మీ ఊళ్ళో ఎవరికీ లేదని ఉంది.”

“ఉంది సారూ,” అన్నాన్నేను.

ఆయన పుస్తకం నా వైపు తిప్పాడు. వెనక పేజీల్లో, మచ్చుకు నింపిన ప్రశ్నపత్రం ఒకటి అచ్చువేశారు. అన్నిటిలోకీ రాత బాగున్నదాన్ని ఎంచుకున్నట్టున్నారు. అది నా రాత. అది చిన్నమ్మ కాగితం. పేరున్న చోట నల్లగా కొట్టేశారు. కింద నా టిక్కు, గడి దాటకుండా, అందంగా.

 

చిన్నమ్మకు చెప్పకుండా ఉండలేకపోయాను. ఆ సాయంత్రం వాళ్ళ గడపలో కూర్చుని, ఉన్నదంతా చెప్పాను. నేను ఏడుస్తూనే ఉన్నాను. ఆమె ఏడవలేదు. గోడను ఒకచోట తట్టింది, ఇంకోచోట తట్టింది.

“నీ రాత మంచిదే తల్లీ. నా మాటే మంచిది గాదు,” అంది చివరికి. “మంచిమాట అనుకుని చెప్పినా. నా ఒక్కదానికైతే పోనీ. వీళ్ళందరి నోట్లో నా మాట పెట్టినానే.”

లోపల పొయ్యి ముందు కోడలు కూర్చుని ఉంది. ఆ ఉగాదికే ఆమెను రంపం మిషను దగ్గర కూర్చోబెట్టారు. చిన్నమ్మ ఆమె వైపే చూస్తూ, “మళ్ళ రాద్దామా?” అని నన్నడిగింది.

మళ్ళీ రాశాం. దేవదానం మామ నన్ను సైకిలు వెనక కూర్చోబెట్టుకుని తోసుకుంటూ ఇల్లిల్లూ తిప్పాడు. చిన్నమ్మ పక్కన నడిచింది. నాలుగడుగులు, ఒక ఆగుడు. మొదట్లో ఎవరూ నోరు విప్పలేదు. ‘ఉంది’ అంటే కంపెనీలో పని పోతుందని భయం. అంతకన్నా, లేదన్న మాటను ఉందని మార్చడం వాళ్ళకు సిగ్గుగా ఉంది.

“అక్కా, దేవుని ముందర లేదని చెప్పి, ఇప్పుడు ఉందని ఎట్ల చెప్పాల?” అంది ఒకామె.

“దేవునికి లేదని చెప్పినా ఆయనకు తెలుసు. కాగితానికి తెలీదు గదనే,” అంది చిన్నమ్మ. ముందు తన వేలిముద్ర వేసింది. తర్వాత కొందరు వేశారు. కొందరు వేయలేదు. వాళ్ళను నేను తప్పుపట్టను.

ఆ కాగితం తీసుకెళ్ళేసరికి బండి వేరే జిల్లాకు వెళ్ళిపోయింది. సారు మా కాగితం తీసుకుని జాగ్రత్తగా ఫైలులో పెట్టుకున్నాడు, మళ్ళీ వచ్చినప్పుడు చూస్తామన్నాడు. అర్థశాస్త్రం అమ్మాయి ఇప్పుడు ఎక్కడో లెక్చరరు. నెంబరు సంపాదించి ఫోను చేశాను. నేను చెప్పిందంతా వింది.

“అక్కా, ఆ రోజే నాకు అనుమానం వచ్చింది. కానీ వాళ్ళు చెప్పింది చెప్పినట్టే రాయాలి మేము,” అంది. “పుస్తకం లైబ్రరీలోకి వెళ్ళిపోయింది. డిగ్రీ వచ్చేసింది. ఇప్పుడు అందులో ఒక్క అక్షరం మార్చడానికి ఎవరికీ అధికారం లేదు.”

ఆమె చెడ్డది కాదు. ముగ్గురిలో ఎవరూ చెడ్డవాళ్ళు కారు. చిన్నమ్మ మాట ఒకరు తీసుకున్నారు, చేయి ఒకరు తీసుకున్నారు, గొంతు ఒకరు తీసుకున్నారు. ఊపిరి మాత్రం ఎవరి చదువులోకీ రాలేదు.

ఒంగోలు పెద్దాసుపత్రికి ఒకసారి నేనూ తోడు వెళ్ళాను. పెద్ద డాక్టరు ఆమె వీపు మీద ఎడమచేయి ఆనించి, కుడిచేతి వేలితో తట్టి, తల వంచి విన్నాడు. ఒకచోట, ఇంకోచోట. చిన్నమ్మ నా వైపు చూసి కళ్ళు చిన్నవి చేసి నవ్వింది.

“చూసినావా అమ్మాయ్, మా పనే చేస్తా ఉండాడు.”

ఆయన తట్టడం ఆపాక, ఆయన ముఖం చూసి, తనే చెప్పింది. “మోగడంలేదు గదా సారూ?”

రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో చేరిందని, అది ఇంక బయటికి రాదని, టీబీ కానే కాదని ఆయన చెప్పాడు. ఇంకొంచెం ముందు తీసుకొచ్చి దుమ్ము మాన్పించి ఉంటే అని మొదలుపెట్టి, ఆపేశాడు.

ఆ తర్వాత ఆమె మంచాన పడింది. పడింది అనరాదు, కూర్చుంది. ఆదివారాలు మందిరానికి రాలేకపోయేది. ఒక ఆదివారం మాత్రం కొడుకు ఎత్తుకుని తెచ్చాడు. సాక్ష్యాల వేళ కూర్చునే చేయెత్తింది. అయ్యగారు అందరినీ నిశ్శబ్దంగా ఉండమన్నారు.

“నాకు జబ్బుంది,” అంది చిన్నమ్మ. ఊపిరి తీసుకుంది. “చానా ఏండ్లనుంచి ఉంది. లేదని చెప్పినా. దేవుడు మన్నించాల. స్తోత్రం.”

మందిరంలో ముందుగా స్తోత్రం అన్నది దేవదానం మామ.

చివరిసారి నేను ఆమెను చూసింది పోవడానికి నాలుగు రోజుల ముందు. కొత్త పలక ఒకటి తలదాపున పెట్టుకుని ఉంది, చట్రంతో సహా, ఎక్కడా విరగనిది. కొడుకు చేత అంగట్లో కొనిపించిందట. జీవితంలో ఆమె కొన్న పలక అదొక్కటే. నా చేతికిచ్చి, తట్టమని సైగ చేసింది. నేను తట్టాను. ఖంగుమంది. తృప్తిగా తల ఊపింది.

“దీని మీద రాయి. దానికి ఎప్పుడు మొదలవుతాదో, ఆ దినం రాయి,” అంది. కోడలి దగ్గు గురించి. “ఇంకా మొదలుగాలేదు. నేను వింటానే ఉండాను. నేను పోయినాక నువ్వు విను. అది లేదంటాది. నా కోడలు గదా, లేదనే అంటాది. నువ్వు దాని మాట రాయమాక. నువ్వు విన్నది రాయి.”

“సరే చిన్నమ్మా,” అన్నాను.

అంత్యక్రియలయ్యాక మూడోనాడు కంపెనీ నుంచి కబురు వచ్చింది, రంపం దగ్గర మనిషి లేక పని ఆగిందని. నాలుగోనాడు కోడలు అన్నం డబ్బా కట్టుకుని వెళ్ళింది. ఎందుకు వెళ్ళావని అడిగే ధైర్యం మాలో ఎవరికీ లేదు, ఆమె ఇంట్లో ఇద్దరు పిల్లలున్నారు.

ప్రార్థన పుస్తకంలోని కృతజ్ఞతల కాగితాన్ని నేను చింపేయలేదు. ఆ అమ్మాయి మనసారా చెప్పిన మాట అది. పలక వెనక పెట్టాను, గోడ వైపుకు. పలక మా ఇంట్లో దేవుని వాక్యం ఉన్న గూట్లోనే ఉంది. ఆరు వారాలు ఖాళీగా ఉంది. ప్రతి ఆదివారం నేను కోడలి వెనక వరసలో కూర్చుని విన్నాను. ఇన్నేళ్ళ భక్తిలో అంత శ్రద్ధగా ఎప్పుడూ కూర్చోలేదు.

మొన్న ఆదివారం, రెండో కీర్తన మధ్యలో, ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పక్కకు తిరిగింది. బయటికి వచ్చాక అడిగాను.

“ఏంలేదొదినా. గొంతులో ఏదో పడింది. దేవుని కృప, బాగుండా,” అంది. అని, కొంగు మూల విప్పి, మా చెల్లెలి పిల్ల చేతిలో బెల్లంముక్క పెట్టింది.

ఇంటికి వచ్చి పలక దింపి, ఆ దినం రాశాను.

ఇది చదివినవాళ్ళలో ప్రార్థన చేసుకునే అలవాటున్నవాళ్ళు ప్రార్థనలో, లేనివాళ్ళు మామూలుగా అన్నం తినేటప్పుడైనా, ఒక మనిషిని తలుచుకోండి. చిన్నమ్మను కాదు. ఆమెను తలుచుకునేవాడు పైన ఉన్నాడు. ఆమె కోడలిని తలుచుకోండి. ఇప్పుడు ఈ వేళకు రంపం ముందు కూర్చుని ఉంటుంది. ఎవరైనా వచ్చి అడిగితే, నీళ్ళిచ్చి, ఏమీ లేదని చెబుతుంది. ఆమెకు దగ్గు ఉంది.